సోలెడు గాలి

పుంతా అరేనాస్‌లో వసంతమంటే గాలి.
నడిబజారు వీధుల్లో తాళ్ళు కడతారు
మనుషులు కొట్టుకుపోకుండా పట్టుకు నడవడానికి.
నిన్న బ్యాంకు ముందు ఒక భారీ పెద్దమనిషి
తాడు వదలాలో, టోపీ వదులుకోవాలో తేలక
అలాగే నిలబడిపోయాడు.
నవ్వొచ్చింది.
నవ్వుతూనే భుజాన సంచీ తడుముకున్నాను.

సక్షన్ మిషను ఉంది. కత్తెర ఉంది.
గొట్టాలు రెండు: ఒకటి దాని సైజుది,
ఇంకోటి ఒక సైజు తక్కువది,
కంగారులో మొదటిది దూరకపోతే.
అడుగున, సగం కొరికిన బిస్కెట్టు.

ఇంత గాలున్న ఊళ్ళో
మా రాయెన్‌కి కావలసింది సోలెడు.
అదీ గొంతు కింద
చొక్కా గుండీ పట్టేటంత కన్నంలోంచి.

రెండేళ్ళ నాలుగు నెలలు దానికి.
"ముక్కేదీ?" అంటే
గొంతు మీద వేలు పెడుతుంది.
మేం దిద్దలేదు.
తప్పని ఎలా అంటాం?

దాని ఏడుపుకి చప్పుడు లేదు.
వేరే ఇళ్ళలో ఏడుపు విని పరిగెడతారు,
మా ఇంట్లో చూస్తూ ఉండాలి.
కారు వెనక సీటుకి అద్దం, వంటగదికి అద్దం,
స్నానాల గది తలుపు తీసే ఉంటుంది.
గాలికి వదిలెయ్యడమనే మాట
ఈ ఇంటి గడప తొక్కదు.

నేను మెకానిక్‌ని.
ఇంజను దగ్గితే ఏ సిలిండరో చెప్తాను.
ఇప్పుడు గోడ అవతల, నిద్రలో,
దాని గొంతులో కఫం గురగుర వినగానే
కళ్ళు తెరవకముందే లేచి నిలబడతాను.
గ్రీజు పోయేదాకా తోమీ తోమీ
కణుపులు పగిలిపోయాయి.

మొదటిసారి చెయ్యి వణికింది.
"కార్బురేటరనుకో" అంది యాస్నా.
పిల్లని పట్టుకుని అదేం మాట!
రెండు రోజులు మాట్లాడలేదు దానితో.
మూడోరోజు కార్బురేటరనుకునే చేశాను.
సన్నగొట్టం లోపలికి, గుర్తు దాకా, అంతే.
ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు.
బయటికి.
ఆ ఐదంకెలూ నేనూ ఊపిరి తియ్యను.

చిలోయె దీవి నుంచి వచ్చిన మా అత్త ఎదెల్మీరా
గాలి సోకిందంటుంది.
ఎవరి గాలో చెప్పదు, నావైపు చూస్తుంది.
ఎర్ర ఊలు దారం కట్టబోతే
యాస్నా కత్తిరించి పారేసింది.
ఇద్దరి మధ్యా పొయ్యి మీద కెటిల్ ఒక్కటే
మాట్లాడిన వారం అది.

ఆ వారమే కరెంటు పోయింది.
మిషను బ్యాటరీ ఎర్రదీపం వేసేసరికి
పక్కింటి ద్రాగో, పైజామాలో,
తన జనరేటరు వైరుని కంచె మీంచి విసిరాడు.
గాలి వెనక్కి తోసింది.
మళ్ళీ విసిరాడు.
నాలుగోసారికి అందింది.
అంతసేపూ టార్చి పట్టుకుంది అత్త.
టీకప్పు పడితే సాసరు మోగిపోయే ఆ చెయ్యి
తెల్లవార్లూ కదల్లేదు.
పొద్దున్న చూస్తే
సంచీ జిప్పుకి ఎర్ర ఊలు ముక్క.
ఎవరు కట్టారని యాస్నా అడగలేదు.
ఇప్పటికీ ఉంది.

పోయిన మంగళవారం
గొట్టానికి మాట్లాడే మూత పెట్టారు,
ఊదారంగుది, వేలికొసంత.
అమ్మా అంటుందనీ, నాన్నా అంటుందనీ
నేనూ యాస్నా లోలోపల పందెం కాసుకున్నాం.
నూనె లేని తలుపు బందులాగా
కిర్రుమని ఒక చప్పుడు వచ్చింది.
రాయెన్ ఉలిక్కిపడి
వెనక్కి తిరిగి చూసింది,
ఎవరా అని.

ఎవరూ లేరు.
మమ్మల్ని చూసింది. మూతని తడిమింది.
ఊడబీకి, గిరాటేసింది.

సోఫా కింద మోకాళ్ళ మీద
మేమిద్దరం వెతుకుతుంటే
పైన అది, చప్పుడు లేకుండా,
పొట్ట పట్టుకుని
పగలబడి నవ్వుతోంది.