ఉప్పు నెలలు

డలూత్‌లో ఏడాదికి రెండే రుతువులు,
రోడ్డు మీద ఉప్పు చల్లే నెలలు, ఆ ఉప్పు కడుక్కునే నెలలు.
రెండింటికీ ఒకే కారు కావాలన్నాను.
అమ్మేవాడు నా నెరిసిన పాపిట వైపు ఒకసారి చూసి
"వేసవికి బొమ్మ, చలికాలానికి బండి,
అందరూ అలాగే కొంటారు మేడమ్" అన్నాడు.
నాకున్నది ఒకటే గరాజు. ఒకటే జీతం.
యాభై మూడేళ్లూ ఒకటే ఒంటితో నెట్టుకొచ్చాను.

వడపోయగా వడపోయగా రెండు మిగిలాయి.
బూడిదరంగు ఆడీ టీటీ, నాలుగు చక్రాలకీ బలం,
వెనక రెండు సీట్లలో కూరగాయల సంచులు దర్జాగా కూర్చుంటాయి.
ఆకుపచ్చ మియాటా, వెనక చక్రాలకే బలం,
గుడ్డ కప్పు, ఇద్దరికే చోటు,
ఆ రెండో మనిషి చలికోటు విప్పి ఎక్కాలి.

ఫిబ్రవరిలోనే నడిపి చూస్తానన్నాను.
మే నెలలో ఏ కారైనా అందగత్తే.

ఆడీ మెసాబా అవెన్యూ ఎక్కింది, లిఫ్టులా.
గేర్లు తనే మార్చుకుంది. నా ఎడమ కాలు నిరుద్యోగి.
పైకి చేరాక చూసుకుంటే
నేను రేపటి చారుకి చింతపండు ఉందో లేదో లెక్కేస్తున్నాను.

మియాటా సగంలో మొరాయించింది.
తోక ఒకటి రెండుసార్లు ఊపి, అడ్డంగా నిలబడింది.
వెనక బస్సు డ్రైవరు దండం పెట్టినంత ఓపికగా ఆగాడు.
కిందికి జారి, రెండో గేరు వేసి,
గుడ్డు మీద అడుగేసినట్టు యాక్సిలరేటర్ తొక్కి
మళ్లీ ఎక్కించేసరికి
నా అరచేతులు తడి, మోకాళ్లు మేలుకున్నాయి,
ఇంటర్లో తోలిన లూనా బ్రేకు బిగువు కూడా గుర్తొచ్చింది.

ఆర్వో లెహ్తోనెన్ రెండింటినీ పైకెత్తి
కింద దీపం పట్టుకున్నాడు.
"మొహం సంగతి వదిలెయ్. కడుపు చూడు."
చూశాను.
ఉప్పు తిన్నవాళ్లు విశ్వాసంగా ఉంటారని విన్నాను ఇన్నాళ్లూ,
ఇక్కడ ఉప్పు తిన్న ఇనుము
వేలితో నొక్కితే అప్పడంలా విరిగింది.
అది ఆడీది. మియాటా పోయిన యజమాని
ప్రతి చలికాలం దాన్ని దుప్పటి కప్పి పడుకోబెట్టాడట.

"రోజూ ఎక్కడికి?" అన్నాడు ఆర్వో.
తెల్లారగట్ల నాలుగున్నరకి కొండ దిగి
సరస్సు పక్కన ఆసుపత్రికి, రక్తపరీక్షల గదికి.
"ఎక్కేదెప్పుడు?"
మధ్యాహ్నం రెండింటికి.
"అప్పటికి ఇసుక పడుంటుంది. చీకట్లో నువ్వు దిగుతావు.
దిగేటప్పుడు ఎన్ని చక్రాలకి బలముంటే ఏంటి,
ఆపాల్సింది టైరు. తేలిక బండి త్వరగా మాట వింటుంది."
అని, చేతులు తుడుచుకుని, తన వంద పౌండ్ల సలహాకి
ఇరవై డాలర్లు తీసుకున్నాడు.

రోజంతా ఎవరి రక్తం ఎవరికి సరిపడుతుందో తేల్చేదాన్ని.
ఆ రాత్రి కాగితం మీద అడ్డగీత, నిలువుగీత,
బీమా, పెట్రోలు, నడుం నొప్పి, వెనక అద్దం వెచ్చబడుతుందా.
ఆడీ మూడు మార్కులు ఎక్కువ తెచ్చుకుంది.
కాగితం మడిచి చాయ్ కప్పు కింద పెట్టాను.

మియాటా, నాలుగు చలికాలపు టైర్లు,
డిక్కీలో ఒక పార, ఒక కంబళి, పిల్లి మట్టి ఒక సంచి.

నిన్న మైనస్ పందొమ్మిది.
ల్యాబులో నా పేరుని రెండు ముక్కలు చేసి 'హైమా' అంటారు,
దాని అర్థంలో మంచు ఉందని ఎవరికీ చెప్పలేదు.
ఇంత చలిలో కప్పు మడవకూడదని పుస్తకంలో రాసుంది.
ఏప్రిల్ దాకా మూతే.
అయినా ఎర్ర లైటు దగ్గర చెయ్యెత్తి
ఆ కొక్కెం ఒకసారి తడిమి చూస్తాను.
మూసి ఉన్న కప్పు కింద కూర్చోవడం వేరు,
తెరుచుకోగలిగీ మూసి ఉన్న కప్పు కింద కూర్చోవడం వేరు.

శనివారం శనివారం కడుపు కడిగిస్తున్నాను.
మొన్న మాత్రం బద్ధకించాను.