గంట తేడా

కీత్ షెడ్డులో నలభై పౌండ్లకి కొన్న కంప్యూటర్ని
బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను,
హల్ ఊరి వాన తగలకుండా కోటు కప్పి.
పక్క సీటు పెద్దావిడ
పిల్లిని తీసుకెళ్తున్నాననుకుంది.
అవునన్నాను. వివరించే ఓపిక లేదు.

ఇంట్లో ఇద్దరం. యంత్రం ఒకటి.
నాకు విండోస్ లేకపోతే గడవదు:
కారవాన్ల ఫ్యాక్టరీ వాళ్ల కొలతల సాఫ్ట్‌వేర్
ఇంకెక్కడా నోరు విప్పదు.
విరజకి లినక్స్ కావాలి.
వార్డులో ఎవరో చూపించారట,
క్రోషే అల్లికలకి గళ్లు గీసిచ్చే ప్రోగ్రాము,
పైసా అడగదు, ప్రకటన చూపదు,
ఊరికే మెచ్చుకోదు కూడా.

శనివారం రాత్రి డిస్కుని కోశాను.
కోసే ముందు మూడుసార్లు కాపీ తీశాను,
టాక్సు కాగితాలు, మెట్ల మీద మా ఫొటోలు,
తను పాడుతూ పాడుతూ నవ్వొచ్చి ఆపేసిన రికార్డింగు.
తెర మీద పొడుగాటి పట్టీ,
జరిపితే జరిగే గీత ఒకటి.
"నీకెంత?" అన్నాను.
"నువ్వు పెట్టినంత" అంది,
కళ్లు మాత్రం గీత మీంచి తీయకుండా.
గట్టు తగాదాలకి కోర్టుల చుట్టూ తిరిగిన వంశం నాది.
రెండు గిగాబైట్లు తనకే ఎక్కువ వదిలాను.
"చూశాలే" అంది.

పెన్‌డ్రైవు గుచ్చి, ఊపిరి బిగబట్టి,
చివరికి నల్లటి తెర, తెల్లటి రెండు వరుసలు.
మూలన పది, తొమ్మిది, ఎనిమిది...
ఎవరూ ఏమీ నొక్కకపోతే
పై వరుసదే ఇల్లు.
ఎవరిది పైనుండాలో తేలక నాణెం ఎగరేశాం,
అది దొర్లి సోఫా కిందికి పోయింది.
లినక్స్ తనంతట తనే పైకెక్కి కూర్చుంది.
నాణెం ఇంకా అక్కడే ఉంది.

చలికాలమంతా బాగానే నడిచింది.
పొద్దున ఎనిమిదింటికి నేను వెళ్తుంటే
తను వచ్చేది, గుమ్మంలోనే షూ లేసులు విప్పుకుంటూ.
సాయంత్రం నేను తిరిగొచ్చేసరికి
సింకు పక్కన తన కప్పు ఇంకా వెచ్చగా ఉండేది.
రాత్రి నేను ఆపిన యంత్రాన్ని
మధ్యాహ్నం తను లేపేది.

మార్చి ఆఖరి ఆదివారం
దేశంలో గడియారాలన్నీ గంట ముందుకు దూకాయి.
విండోస్‌ది గోడ గడియారం స్వభావం,
ఊళ్లో ఎంతైతే అంతే రాసిపెట్టి నిద్రపోతుంది.
లినక్స్ లేచి, అది గ్రీనిచ్ లెక్క అనుకుని
తన గంట తను కలుపుకుంటుంది.
చలికాలంలో రెండు లెక్కలూ ఒకటే,
అందుకే అన్నాళ్లూ మాటామాటా రాలేదు.
దానికి తోడు ఆ వారం ఎవరో రోడ్డు తవ్వి కేబుల్ తెంపారు,
సర్దిచెప్పడానికి ఇంటర్నెట్టూ లేదు.

మంగళవారం నేనొచ్చేసరికి కప్పు చల్లగా ఉంది.
తన ఫోను దిండు కింద మోగుతోంది, అలారం.
ఏడుకి ఐదు నిమిషాలుందనగా
నాకు తెలియని నంబరు:
"గంట ముందొచ్చిపడ్డాను, నీ కంప్యూటర్ పుణ్యమా అని.
సిస్టర్ నవ్వి, పోయి కూర్చోమంది.
పై అంతస్తు కిటికీలోంచి హంబర్ కనిపిస్తుంది, తెలుసా?
మూడేళ్లయింది, ఒక్కసారీ చూళ్లేదు.
అచ్చం టీ రంగు.
ఒక పడవ ఎటూ పోకుండా అరగంట నుంచీ ఉంది."

ఆ రాత్రి మొదటిసారి తన వైపు తెరిచాను.
తెర మీద సగం గీసిన గళ్లు.
చెవులు, మీసాలు,
మెడ దాకా కోటు కప్పుకున్న పిల్లి.

సరిచేయడానికి ఒక్క వరుస చాలు.
టైప్ చేశాను. ఎంటర్ నొక్కలేదు.
పొద్దున గుమ్మంలో అడిగాను, సరిచేసేయనా అని.
తను ఒంటికాలి మీద నిలబడి
ముడిపడ్డ లేసుతో కుస్తీ పడుతూ,
"గురువారం దాకా ఆగు" అంది.
"ఆ రోజు పోటు బాగా ఎక్కుతుందట."