చిట్టీ వెనక

స్కాన్ సెంటర్ల మా మరిది నడుముకు
ఫొటోలు తీస్తున్న రెండు గంటలల్ల
నా స్కూటీ సీటు మీద
పసుపుపచ్చ కాయితం అతికించి పోయిండ్రు ఎవలో.

నో పార్కింగ్. ఫైన్ ఐదొందలు.
ఏడు దినములలో కట్టనిచో చట్టరీత్యా చర్య.

కింద ఓ ఫోను నంబరు, నల్లచుక్కల డబ్బా ఒకటి.
మూడు సింహాలు లేవు, గుండ్రటి ముద్ర లేదు.
సంతకం కాడ కోడి గీరినట్టు గీత.

పదిహేడేండ్ల సంది
హన్మకొండ–పరకాల బస్సుల టికెట్లు కొడుతున్నదాన్ని.
కాయితం పట్టుకుంటే చాలు,
దాని వెనక డిపో ఉన్నదో లేదో నా బొటనవేలుకు ఎరుక.
దీని వెనక జిగురు తప్ప ఏం లేదు.

అయినా రాత్రి నిద్ర పట్టలే.

ఫ్రిజ్ తలుపుకు పెట్టిన, మామిడికాయ అయస్కాంతం కింద.
పాలు తీసినప్పుడల్లా ఐదొందలు.
పెరుగు పెట్టినప్పుడల్లా ఐదొందలు.
పక్క పోర్షన్ల కోర్టు గుమాస్తా సారు
అద్దాలు నుదుటి మీదికి జరిపి చదివి
"వీడెవడమ్మా నీకు ఫైన్ ఎయ్యనీకి? చింపెయ్యి" అన్నడు.
చింపే పని మాత్రం నాకే ఇడిసిపెట్టిండు.
డిపోల స్వరూప అన్నది, "కట్టి పారెయ్యి.
రిపోర్టుకు మళ్ళ పోవాల్నా వద్దా?
ఈసారి చక్రానికి తాళమేస్తరు."
మరిది నడుం పట్టుకొని లేచి
"నాతోనే గదా వదినా" అనుకుంట పర్సు తీసిండు.
దాంట్ల ఎంతున్నదో నాకు తెల్వదా.

మూడో నాడు గూడెప్పాడ్ క్రాస్ దాటినంక
ఆ ముసలాయన యాదికొచ్చిండు.
ఎన్నేండ్లాయెనో.
కిటికీల నుంచి టికెట్ ఎగిరిపోయింది ఆయనది.
ఆత్మకూరు కాడ చెకింగ్ సార్లు ఎక్కిండ్రు.
"ఇచ్చిన సార్" అని ఒక్కసారే అన్న.
రెండోసారి అనలే.
ఆయన పంచె ముడి ఇప్పి
నోట్లను ఒక్కొక్కటే సాపు చేసి ఇచ్చిండు.
ముద్ర ఉన్న ఫైనే అది.
నంబరుతోని, సంతకంతోని,
అన్నీ సక్కగున్న రసీదు.

ఐదో నాడు ఫోన్ చేసిన.
పిలగాడు ఎత్తిండు. ఓదెలు అట. రేగొండ దిక్కు.
"దినాం పదిహేను చిట్టీలు రాయాలె అక్కా.
తక్కువైతే నా జీతంల కోస్తరు."
"కట్టకపోతే ఏమైతది?"
ఫోన్ల కొంచెంసేపు ఉత్త హారన్లు.
"ఏం కాదు. ఎవ్వలు కట్టరు.
నేను చెప్పిన్ననకు."

గుండె తేలికగావాలె. కాలే.
బండి పెట్టిన మాట నిజం.
బోర్డు బొప్పాయి బండి వెనక దాక్కున్న మాటా నిజమే గని,
ఆ రెండు గంటలు నా సీటు కాలకుంట
నీడనిచ్చింది వాళ్ళ రేకులే.
నీడకు ఎంతైతది?
బస్టాండు స్టాండుల అయితే ఇరవై.

ఏడో నాడు పొద్దుగాల
అయస్కాంతం తీసి చిట్టీని బోర్ల పెట్టిన.
చిల్లర లేనప్పుడు టికెట్ వెనక రాసినట్టే
ఇరవై అని రాసి, చుట్టు సున్న గీసిన.

నక్కలగుట్టల ఎండ.
టోపీ చెవుల మీదికి జారిన బక్క పిలగాడు,
మెడల విజిలు.
ఫోన్ల గొంతు కంటె చిన్నగున్నడు.
"ఓదెలూ, ఇది మీ నీడకు. తప్పుకు కాదు.
టికెట్ కొట్టు తమ్మీ."

చిట్టీని ముందటికి తిప్పిండు, వెనకకు తిప్పిండు.
రెండు జేబులు తడుముకున్నడు.
"ఫైన్ బుక్కే ఇచ్చిండ్రక్కా.
టికెట్ బుక్కు ఇయ్యలే."

నోటు నా వేళ్ళ సందుల
నిలువుగ మడిచి అట్లనే ఉన్నది,
పదిహేడేండ్ల అలవాటు.
ఇద్దామంటే రసీదు లేదు,
జేబుల పెట్టుకుందామంటే చెయ్యి వస్తలేదు.
మా వెనక ఓ కారాయన హారన్ మీద చెయ్యి తీస్తలేడు.
ఓదెలు విజిల్ ఊది
నా స్కూటీ వెనక భాగం మీద రెండు సార్లు చరిచి
నాతోనే అంటున్నడు:

"రైట్ అక్కా, రైట్ రైట్."