హ అరిగిన మిషను

మహారాణిపేటలో కలెక్టరాఫీసు గోడ నీడ
పదకొండు దాకా నాది, తర్వాత ఎండది.
నా టైపు మిషనులో హ అరిగిపోయింది.
'హక్కు' అని కొడితే 'క్కు' అని పడుతుంది.
ముందు కాస్త ఖాళీ వదిలి, కాగితం తీశాక
బాల్ పెన్నుతో హ దిద్దుతాను.
ఆ చట్టం వచ్చిన నాటి నుంచీ
ఇదే నా ఉద్యోగం అనుకోండి.

ఆమె వచ్చినప్పుడు చీర అంచున చేప పొలుసులు
ఇంకా మెరుస్తున్నాయి.
గనగళ్ల దేవుడమ్మ, పెదజాలారిపేట.
తమ్ముడు తెడ్డు పరసన్న.
హార్బర్లో ఐసు దించుతుంటే జీపెక్కించారు,
మంగళవారం, చీకటి పడ్డాక.
"మేం తేలేదమ్మా, వేటకెళ్లి పడిపోయుంటాడు"
అన్నారట స్టేషనులో.

"సముద్రం అలా సెయ్యదు బాబూ.
మూడోనాటికి ఒడ్డుకిచ్చేత్తాది.
ఈల్లే ఇవ్వట్నేదు."

పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించాను.
ఆ రాత్రి జనరల్ డైరీ నకలు అడిగాను,
గుమ్మం మీది కెమెరా
చూసింది చూసినట్టు అడిగాను.

జవాబుకి గడువు ముప్పై రోజులు.
సరిగ్గా ముప్పయ్యో రోజున వచ్చింది,
ముహూర్తం తప్పనట్టు.
"ఫుటేజీ ముప్పై రోజులు మాత్రమే నిలువ ఉండును.
తదుపరి దానంతట అదే చెరిగిపోవును."
చూశారా, ఎవరూ చెరపలేదు.
నలభై ఏళ్లుగా అర్జీలు రాస్తున్నాను కానీ
కర్తను ఇంత నేర్పుగా మాయం చెయ్యడం
నాకెప్పుడూ చేతకాలేదు.

డైరీ మాత్రం ఒక పుట ఇచ్చారు.
నల్ల ఇంకు పూసిన వరసల మధ్య
మిగిలింది ఒకే ఒక్క లైను:
'లాకప్పు ఖాళీ. స్టేషను పరిధిలో అంతా ప్రశాంతం.'
కోసే ముందు చేప కడుపు తడిమినట్టు
ఆమె ఆ నలుపుని వేలితో తడిమింది.
"దీని కింద ఏటుంది బాబూ?"

అప్పీలు రాశాను.
అప్పీలధికారి అదే మెట్లెక్కితే పై అంతస్తులో ఉంటాడు.
'దర్యాప్తునకు భంగం' అని అక్కణ్ణుంచి వచ్చింది.
ఖాళీ లాకప్పు మీద
ఏం దర్యాప్తో, దానికేం భంగమో.

ఒకరోజు కేజీహెచ్ డౌన్లో టీ తాగుతుంటే
ఒక పాత కానిస్టేబులు కలిశాడు. పేరెందుకు లెండి,
పింఛను కాగితాలు నాతోనే రాయించుకున్నవాడు.
గ్లాసులోకి చూస్తూ అన్నాడు:
"మీరన్నీ పెద్దవే అడుగుతారు గురువుగారూ.
పెద్దవాటికి తాళాలుంటాయి.
బిల్లులడగండి. బిల్లు ఎవడూ దాచడు,
డబ్బులు రావాలి కదా."

మళ్లీ పది రూపాయల స్టాంపు.
ఈసారి పరసన్న పేరే ఎత్తలేదు.
కెమెరా మాట లేదు, డైరీ మాట లేదు.
'సదరు నెలలో ముద్దాయిల భోజన ఖర్చు,
తేదీలవారీగా, వోచర్లతో సహా.'

ఇరవై రెండో రోజుకే వచ్చింది,
ఎక్కడా నలుపు లేకుండా,
హోటలు నూనె మరక కూడా జిరాక్సులో పడి.
మంగళవారం: భోజనం ఒకటి, పార్సిలు.
బుధవారం: రెండు.
గురువారం ఎదుట అడ్డగీత.

ఖాళీ లాకప్పులో కూర్చుని
ఎవరో మూడు పూటలు అన్నం తిన్నారు.

చదివి వినిపించాను.
సిమెంటు లారీ పోయేదాకా ఆగి
మళ్లీ చదివాను.
ఏడుస్తుందనుకున్నాను.
"కూరేటి బాబూ?" అంది.
రాయలేదన్నాను.
"ఆడు వంకాయ తినడు."

అప్పటికి ఎండ గోడ దిగి
మిషను మీదికొచ్చింది, మీటలు కాలుతున్నాయి.
కొత్త కాగితం ఎక్కించాను.
ఈసారి బుధవారం దాటాక ఏమైందని అడగాలి.
'సమాచార' దాకా కొట్టి
అలవాటుగా ఖాళీ వదలబోతుంటే
చదువు రాని దేవుడమ్మ
బల్ల మీది పెన్ను తీసి, మూత విప్పి
పట్టుకు కూర్చుంది.