పురుగు పచ్చ

బసోలీలో వాన వెలిశాక
రావి నది ఒడ్డున చచ్చిన పురుగుల్ని ఏరుతాను.
వాటి రెక్కల డిప్పలే అమ్మవారికి పచ్చలు.

మామగారు ఝండూ ఉడతతోక కుంచెను
నాలుక మీద తడిపి
ఆమె కనుకొస గీసేటప్పుడు
ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబడతాం, పిల్లి తప్ప.

శవం మీద నిలబడింది నల్లతల్లి.
ఆ నలుపు మా దీపాల మసి.
నేనే నూరాను మూడు రాత్రులు,
ఒళ్ళో పిల్లాడు దగ్గుతుంటే.

రాజుగారి మున్షీ బొమ్మను ముక్కుదాకా తెచ్చుకుని
"మడమ మీద ఈ గీతేమిటి?" అన్నాడు.
"వెంట్రుక జారింది, హుజూర్."

ఆయన చేయి జారడం నేనెన్నడూ చూడలేదు.
ముసుగులో నా ముఖం ఆయనెన్నడూ చూడలేదు.

రాత్రి దీపం కిందికి దించి
పగిలిన నా మడమ తడిమాను.
నెర్రెలో ఇరుక్కుని
రెక్క ముక్కొకటి,
పచ్చగా.