ఆకుపచ్చ గీత

నెల్లూరు దాటి మద్రాసు రోడ్డెక్కినాక
రెండో పెట్రోలు బంకు పక్కన
మెడకి సిమెంటు పట్టీ వేసిన ఫైబర్ జిరాఫీ కనపడతాదే,
అదే మా పార్కు.
మొన్నటి తుపానుకి విరిగింది మెడ.
గొంతునొప్పి వచ్చినట్టు నిలబడి ఉండాది పాపం,
లారీల వైపు చూస్తా.

గేటు కాడ గోడకి ఒక ఆకుపచ్చ గీత,
నేల నించి మూడడుగులు.
కిందుంటే టికెట్ లేదు,
పైనుంటే అరవై రూపాయలు.
తొమ్మిదేళ్ళుగా ఆ గీత పక్కనే నా ప్లాస్టిక్ కుర్చీ.

ఆదివారం వస్తే చాలు
షేర్ ఆటోలు, బుల్లెట్లు, ఒకసారయితే ట్రాక్టరే,
ఇందుకూరుపేట నించి తొట్టి నిండా ఒకే ఇంటిపేరోళ్ళు.
బయట తిండి లోపలికి రానియ్యరని
పులిహోర డబ్బా చంటిబిడ్డ దుప్పట్లో చుట్టి
"నిద్రపోతాండాడక్కా, కదిలించబాక" అంటారు.
ఆవాలూ కరేపాకూ వాసనొచ్చే బిడ్డని
నేనెందుకు కదిలిస్తా?

గీత కాడికొచ్చేసరికి
జిల్లాలో పిల్లోళ్ళందరికీ మోకాళ్ళు మెత్తబడతాయి.
ఒకడు తాబేలు మాదిరి మెడ లోపలికి లాక్కుంటాడు.
రెండు జడల రిబ్బన్లు గీత పైన ఎగరతా ఉంటే
వాళ్ళమ్మ అరచేత్తో నెత్తి నొక్కి పట్టి
"మూడో ఏడు నడస్తా ఉండాది" అంటాది.
ఆ మూడో ఏడు బిడ్డ నా చెవి కాడికొచ్చి
"నేను రెండో తరగతి" అని చెప్పిపోతాది, రహస్యంగా.

పొదలకూరు నించి వచ్చిన అవ్వ ఒకామె
తానే పోయి గీతకి వీపానించింది.
"నాట్లేసి నాట్లేసి వంగిపోయినా,
నన్నూ కొలిచి సగం టికెట్ కొట్టు."
నేను నవ్వినా. ఆమె నవ్వలా.
సగమే కొట్టినా.
మిగతా ముప్పై నా జీతంలో పట్టుకున్నారు.

అసలు చెప్పొచ్చింది మాలకొండయ్య కొడుకు సంగతి.
రైస్ మిల్లులో మూటలు మోస్తాడు మాలకొండయ్య.
తలలో తవుడు దులపకుండానే
ఏడాదికొక్క ఆదివారం తీసకొస్తాడు
పెంచల రోహిత్ అనే ఒక్కగానొక్క కొడుకుని.

లోపల ఊయల పడవ కాడ ఇంకో గీత ఉండాది,
ఎర్రది, నాలుగడుగులు. అందకపోతే ఎక్కనియ్యరు.
గేటు కాడ కుంగిన బిడ్డే
అక్కడ మునివేళ్ళ మీద లేస్తాడు.
పడవ నడిపే ఖాదర్ వలి నవ్వతా చెప్పేవాడు:
"నీ కాడ పొట్టి, నా కాడ పొడుగు.
ఆ నాయనే అక్కడ నొక్కతాడు,
ఇక్కడ జుట్టు పైకి దువ్వి నిలబెడతాడు."

మూడేళ్ళు చూసినా ఈ నాటకం.
డెబ్బై అయిదు కిలోల బస్తాలెత్తే చెయ్యి
వాడి నెత్తిన ఆనేది,
బరువనేదే తెలీనట్టు.

ఈ ఏడూ వచ్చినారు.
అలవాటుగా చెయ్యి లేచింది.
వాడు పక్కకి జరిగి
మడమలు గోడకి తగిలించి
నిటారుగా నిలబడినాడు.
గీత వాడి భుజాల కింద ఉండాది.
"రెండు టికెట్లు నాన్నా" అన్నాడు.

గాల్లో ఆ చెయ్యి
ఏం చెయ్యాలో తెలీక కాసేపు ఆగి
తన తలలో తవుడే దులుపుకుంది.
మడతలు విప్పి నోట్లిచ్చినాడు.
ఒకటి చినిగి ఉండాది. తీసుకున్నా.

సాయంత్రం ఖాదర్ వలి వచ్చి చెప్పినాడు.
ఎర్రగీతకి ఇంకా రెండు వేళ్ళు తక్కువంట,
మునివేళ్ళు లేపలేదంట వాడు.
"వచ్చే ఏడు ఎక్కతాలే" అని
వాళ్ళ నాయన్ని ఎక్కించినాడంట.

పడవ పైకి పోయినప్పుడల్లా
మాలకొండయ్య ఒక చేత్తో కమ్మీ పట్టుకుని
ఇంకో చేత్తో నోరు మూసుకుంటే,
కింద నించి వాడు చెయ్యి ఊపతానే ఉన్నాడంట,
"భయపడబాక నాన్నా, భయపడబాక" అని.