ఎనిమిది మెతుకులు

అన్నం ఉడికిందో లేదో
ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు.
బెండిగోలో, ఈ జూలై చలి రాత్రి
నా పని దానికి తలకిందులు:
ఎనిమిది మెతుకులు కలిపి నలిపి
ఉడకనిది ఒక్కటైనా ఉందా అని అడగడం.

కోళ్ల ఫ్యాక్టరీ వాళ్ల గొట్టాలు ఐసు పెట్టెల్లో వచ్చాయి.
కోసేవాళ్లు, కడిగేవాళ్లు, లెక్కలు రాసే ఆఫీసువాళ్లు,
ఏనాడూ ఒక బల్ల దగ్గర టీ తాగనివాళ్లు
నా పిపెట్ కింద
ఒకే చుక్కలో సర్దుకుని కూర్చున్నారు.

కిట్లు తక్కువ. అందుకే ఈ పొదుపు.
గీత లేవకపోతే ఎనిమిదిమందీ రేపు పనికి.
లేస్తే మళ్లీ మొదటికి, ఒక్కొక్కరిగా.
జబ్బు అరుదైనంత కాలమే ఈ లెక్క నెగ్గుతుంది.
ఊరంతా అంటుకున్నాక కలపడం వట్టి దండగ,
ఏ గుంపుని అడిగినా అవుననే అంటుంది.

రెండింటికి, నలభై ఒకటో గుంపు.
ముప్పై మూడో చుట్టు దాకా నేలకి అతుక్కున్న గీత
నిద్రలో ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు
తల ఎత్తింది.

జాబితా తీశాను.
కోళ్లవాళ్లది కాదు.
మాదే. వారానికోసారి మేం ఇచ్చుకునే ఉమ్మి.
మొదటి పేరు లొరెయిన్. ఐదోది నాది.

నా గొట్టం నేను ముట్టుకోకూడదు.
నిద్ర లేచి హుయెన్ వచ్చింది, తలుపు అవతలి నుంచే చెయ్యి ఊపింది.
రెండున్నర గంటలు కారులో కూర్చున్నాను.
అద్దం మీద మంచు పేరుకుంది.
హీటర్ వేస్తే ఆగుతుంది, ఆపితే వణుకు.

ఎవరు?
కెటిల్ దగ్గర మొన్న దగ్గిందెవరు?
బిస్కెట్ ప్యాకెట్లో చెయ్యి పెట్టని వాళ్లెవరు?
నేను కాకూడదు, నేను కాకూడదు అనుకున్నాను.
అంటే ఇంకొకరు కావాలనేగా.
ఏడుగురి ముఖాలూ వరసగా తెచ్చుకుని
ఎవరైతే తట్టుకోగలరో ఎంచుతున్నాను,
సంతలో వంకాయలు ఏరినట్టు.

ఐదు కావస్తుండగా మెసేజ్.
ఒక్కటే. ఎనిమిదోది.
డెస్మండ్, ఆ పెట్టెలు మోసుకొచ్చే డ్రైవరు.
నేను ఎంచినవాళ్లలో ఆయన లేనే లేడు.
అసలు గుర్తే రాలేదు.

ఫోన్ చేశాను.
"అయితే రేపు ఎచూకా ట్రిప్పు ఎవరు వేస్తారు?" అన్నాడు ముందు.
తర్వాత దగ్గాడు.

ఫోనుని
చెవికి కొంచెం దూరంగా పట్టుకున్నాను.